చదివిన కథ మళ్ళీ చెప్పించడం: ఎనిమిది వారాల డైరీ

మొదలు పెట్టకముందు

వారానికి రెండు రోజులు ఏడుగురు పిల్లలు నా దగ్గర కూర్చుని కథల పుస్తకాలు చదువుతారు, అందరూ ఐదు నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళే. చదవడం బాగానే వచ్చేసింది, ఒత్తులు కూడా తడుముకోకుండా లాగించేస్తున్నారు, నేనూ మురిసిపోతూ ఉన్నా. ఒకరోజు ఏడేళ్ళ బాబు ఒకడు పన్నెండు పేజీల పుస్తకం గడగడా చదివేశాడు. మూసేసి, ఏమైందిరా కథలో అని అడిగా. "అయిపోయింది అక్కా" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ రాత్రి పడుకున్నాక అదే బుర్రలో తిరిగింది. వాడు నన్ను ఆటపట్టించట్లేదు, నిజంగానే అంతకు మించి చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు. అక్షరాలన్నీ నోట్లోంచి వెళ్ళాయి, కథ మాత్రం లోపలికి వెళ్ళలేదు. లేదా వెళ్ళింది కానీ బయటికి తీసే దారి తెలీదు. ఈ రెండిట్లో ఏదో తేల్చుకుందామని ఈ పని మొదలెట్టా. ఎనిమిది వారాలు అనుకున్నా. రాసి పెట్టుకోకపోతే నాకే గుర్తుండదు కాబట్టి ఈ డైరీ.

పిల్లల అసలు పేర్లు రాయను. గబగబ, మౌని, ప్రశ్నలమ్మ, నటుడు, బట్టీ బాబు, చిన్నది, ఇంకొకడు పొద్దస్తమానం ఆవులిస్తాడు కాబట్టి ఆవులింత.

1వ వారం, మొదటి రోజు

సింహం ఎలక కథ ఇచ్చా. అందరికీ ఎంతో కొంత తెలిసిందే, కావాలనే తేలికది తీసుకున్నా. ఒక్కొక్కళ్ళే చదవడం, పుస్తకం మూసేయడం, నాకు చెప్పడం, అంతే. ఫోన్‌లో రికార్డ్ చేశా. గబగబ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నా:

"సింహం పడుకుందంట, అప్పుడేమో అది వచ్చిందంట, అప్పుడేమో అది దాన్ని పట్టుకుందంట, అప్పుడేమో అది వదిలెయ్ అందంట, అప్పుడేమో అది వదిలేసిందంట, అప్పుడేమో వల, అప్పుడేమో అది కొరికిందంట, అయిపోయింది."

ఆరు అప్పుడేమోలు, ఐదు అదిలు. ఎలక అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో, ఎవరు కొరికారో, కథ ముందే తెలిసినవాళ్ళకి తప్ప ఎవ్వరికీ అర్థం కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఎలక వచ్చి వల ఎందుకు కొరికిందో ఎక్కడా లేదు. సింహం ఒకప్పుడు దాన్ని వదిలేసింది కాబట్టి కదా ఇది వచ్చి కొరికింది, ఆ ముక్క తీసేస్తే కథే లేదు.

మిగతావాళ్ళూ కొంచెం అటూ ఇటూగా ఇంతే. బట్టీ బాబు మాత్రం పుస్తకంలో ఉన్న వాక్యాలు ఉన్నట్టే అప్పజెప్పాడు, నేను లోలోపల చప్పట్లు కొట్టేసుకున్నా (ఆ చప్పట్లు తొందరపాటని తర్వాత తెలిసింది, నాలుగో వారంలో రాస్తా). మౌని అస్సలు నోరు విప్పలేదు. పుస్తకం బొమ్మ మీద వేలు పెట్టి నా మొహం చూసింది, అంతే.

అదే రోజు రాత్రి

రికార్డింగులు విన్నా. పిల్లల్ని వినాలని పెట్టుకుంటే నన్ను నేను వినాల్సొచ్చింది. ప్రశ్నలమ్మ చెప్పిన మూడు నిమిషాల్లో నేను పదకొండు సార్లు మధ్యలో దూరా. ఆ తర్వాత? ఆ తర్వాత? ఎవరు? కాదు కదా! సరిగ్గా చూడు! ఒకచోటైతే ఆ పిల్ల "ఎలకకి..." అని ఆగి ఆలోచిస్తోంది, నేను ఉండబట్టలేక "భయమేసింది కదూ" అని నోట్లో పెట్టేశా. ఆ పిల్ల ఊ అంది. అది ఆ పిల్ల చెప్పినట్టా నేను చెప్పినట్టా?

ఇంకోటి గమనించా. నేను "ఆ తర్వాత?" అని అడిగినప్పుడల్లా జవాబు "అప్పుడేమో" అనే వస్తోంది. రాక ఇంకేం వస్తుంది, నేను అడిగిందే తర్వాత ఏంటని. ఎందుకు అని అడిగితే కదా అందుకని అనే మాట వచ్చేది. ఆరు అప్పుడేమోల్లో సగం పాపం నాదే.

వచ్చేసారి నుంచి నాకు ఒకటే మాట, ఊ. చిన్నప్పుడు కథ వినేటప్పుడు ఊ కొట్టేవాళ్ళం కదా, ఊ ఆగితే చెప్పేవాళ్ళూ ఆగేవాళ్ళు. అంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలా.

2వ వారం

కొంచెం చదువుకున్నా. కథకి కూడా వ్యాకరణం లాంటిది ఉంటుందని 1970ల్లో మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలామంది రాశారు. అందులో నాన్సీ స్టైన్, క్రిస్టీన్ గ్లెన్ అనే ఇద్దరు 1979లో చెప్పిన పద్ధతి నాకు పనికొచ్చేలా కనబడింది. ఎక్కడ, ఎవరు అన్నది ఒకటి. ఏదో ఒకటి జరిగి కథ కదలడం రెండు. దానికి పాత్ర లోపల ఏమనుకుంది, ఏం కావాలనుకుంది అన్నది మూడు. అది దక్కడానికి ఏం చేసింది, చేస్తే ఏమైంది, చివర్లో ఎలా ఉంది, ఇవి మిగతా మూడు. పిల్లలు మళ్ళీ చెప్పేటప్పుడు ఎక్కువగా జారిపోయేది ఆ మూడోదే, లోపలి సంగతి. నా ఏడు రికార్డింగుల్లోనూ సరిగ్గా అదే లేదు. ఎలక భయపడటం లేదు, సింహం నవ్వుకోవడం లేదు, చిక్కుకున్న సింహం దిగులూ లేదు. జరిగినవన్నీ ఉన్నాయి, అనుకున్నవి ఒక్కటీ లేవు.

ఉత్సాహంగా ఆరు గళ్ళ కాగితం తయారుచేశా. పిల్లలు చెప్తుంటే టిక్ పెడదామని. ఇది ఈ ఎనిమిది వారాల్లో నేను చేసిన అన్నిటికంటే తెలివితక్కువ పని. రెండో రోజుకే పిల్లలు నాకు చెప్పడం మానేసి కాగితానికి చెప్పడం మొదలెట్టారు. నటుడు ఒక ముక్క చెప్పి ఆగి, "అక్కా టిక్ పెట్టావా?" అంటాడు. ప్రశ్నలమ్మ అయితే కథ మధ్యలో "భయమేసింది, సంతోషం వేసింది, బాధేసింది" అని మూడూ వరసగా వదిలేసింది, ఏదో ఒకదానికి టిక్ పడుతుందని. ఎవరికి వేసిందో, ఎందుకు వేసిందో ఏం లేదు.

కాగితం తీసేశా, అంటే పిల్లల ముందు నుంచి తీసేశా. రాత్రి రికార్డింగ్ వింటూ నేనొక్కదాన్నే నింపుకుంటున్నా. నాకు పనికొస్తుంది, వాళ్ళకి కాదు.

2వ వారం, రెండో రోజు: "అది" గొడవ

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇది మన భాషలో పిల్లలకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు అనిపించింది. కథలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉంటే వాడు, ఆమె అని ఎలాగోలా తేలిపోతుంది. జంతువుల కథ వచ్చిందంటే సింహం అది, ఎలక అది, వల అది, అడవి కూడా అదే. పైగా మనకి వాక్యంలో కర్తని మింగేసినా చెల్లుతుంది, "పట్టుకుంది" అంటే చాలు, ఎవరో చెప్పక్కర్లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అది బలం. కథ చెప్పేటప్పుడు పిల్లల కొంప ముంచేది అదే. చిన్నపిల్లల పుస్తకాల్లో సగం జంతువుల కథలే కదా మరి.

"ఎవరు? పేరు చెప్పు" అని అడుగుతూ కూర్చుంటే కథ చచ్చిపోతోంది, పైగా నేను ఊ తప్ప ఏమీ అననని ఒట్టేసుకున్నా. అందుకని రెండు బొమ్మలు తెచ్చా, ఒక పెద్ద గుడ్డబొమ్మ, ఒక చిన్నది. రూల్ ఒకటే, పని చేస్తున్నది ఎవరైతే ఆ బొమ్మని పైకి ఎత్తాలి. అంతే, ఇంకేం చెప్పలేదు.

గబగబ మొదలెట్టాడు, "అప్పుడేమో అది దాన్ని..." అని రెండు బొమ్మలూ ఎత్తేశాడు. ఆగాడు. పెద్దదాన్ని దించాడు, మళ్ళీ ఎత్తాడు. మిగతా పిల్లలు పగలబడి నవ్వారు. "సింహం. సింహం ఎలకని పట్టుకుంది" అన్నాడు చివరికి. నేను ఏమీ సరిదిద్దలా. చెయ్యి తికమకపడే సరికి నోరు దానంతట అదే సర్దుకుంది. అందరికీ ఇలానే జరగలేదు, చిన్నది బొమ్మలతో ఆడుకోవడం మొదలెట్టి కథ వదిలేసింది, ఐదేళ్ళ పిల్ల కదా. కానీ మిగతా ఐదుగురి రికార్డింగుల్లో (మౌని ఇంకా మాట్లాడట్లేదు) పేర్లు వినబడుతున్నాయి.

బొమ్మలు పట్టుకోవడం ఉత్త ఆట కాదని తర్వాత తెలిసింది. ఆర్థర్ గ్లెన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు 2004లో ఒకటి రెండు తరగతుల పిల్లలతో చేసి చూశారు. చదివిన వాక్యంలో ఏం జరిగిందో దాన్ని బొమ్మలతో చేసి చూపించిన పిల్లలకి, ఊరికే చదివిన పిల్లల కంటే కథ బాగా గుర్తుంది, బాగా అర్థమైంది. ఆ తర్వాత చేతులతో కాకుండా మనసులో కదిలించుకోమన్నా పనిచేసిందట. మా బొమ్మల్ని కూడా ఎప్పటికో ఒకప్పటికి అవతల పెట్టాలి, కాబట్టి ఆ చివరి మాట నాకు ధైర్యం ఇచ్చింది.

3వ వారం

ఇప్పుడు అప్పుడేమో సంగతి.

ఈసారి తెలిసిన కథ వద్దనుకుని నేనే ఒకటి రాసి, ఎనిమిది పేజీలకి బొమ్మలు గీశా (నత్త గీయడం తేలిక, ఉడత దగ్గర ఓడిపోయా, పిల్లలు దాన్ని పిల్లి అనుకున్నారు). కథ ఇది. ఒక నత్తకి గోడెక్కి సూర్యోదయం చూడాలని కోరిక. పగలంతా ఎక్కుతుంది, రాత్రి నిద్రలో జారుతుంది. ఉడత వచ్చి నా వీపెక్కు, క్షణంలో తీసుకెళ్తా అంటుంది. నత్త వద్దంటుంది, నేనే ఎక్కాలి అంటుంది. చివరికి పైకి చేరేసరికి సాయంత్రం అయిపోతుంది, ఎదురుగా సూర్యుడు మునిగిపోతున్నాడు. సరే, రేపటిదాకా ఇక్కడే కూర్చుంటా అంటుంది.

బొమ్మలు కత్తిరించి కార్డులు చేశా. వేరే రంగు కాగితం మీద రెండే మాటలు రాశా, ఒకటి "అందుకని", ఇంకోటి "కానీ". ఆట ఏంటంటే రెండు బొమ్మల మధ్య వీటిలో ఏదో ఒకటి పెట్టాలి. ఏదీ కుదరకపోతే "తర్వాత" పెట్టొచ్చు, కానీ తర్వాత కార్డులు మొత్తం కథకి రెండే ఇచ్చా.

అరగంట కొట్టుకున్నారు. నత్త పగలంతా ఎక్కింది (కానీ) రాత్రి జారింది, ఇది తొందరగానే అయిపోయింది. ఉడత రమ్మంది, నత్త వద్దంది, ఇక్కడ ఆవులింత "కానీ" పెట్టాడు. ప్రశ్నలమ్మ ఒప్పుకోలా. "ఉడత ఎత్తుకెళ్తే నత్త ఎక్కినట్టు కాదు కదా, అందుకని వద్దంది" అంటుంది. ఇద్దరూ కరెక్టే. ఆవులింత రెండు బొమ్మల మధ్య ఉన్నది చెప్తున్నాడు, ఆ పిల్ల నత్త బుర్రలో ఉన్నది చెప్తోంది. బొమ్మల్లో లేని మూడో ముక్క ఒకటి మధ్యలో ఉందని వాళ్ళకే తోచింది. ఖాళీ కార్డు ఒకటి అడిగారు. దాని మీద ప్రశ్నలమ్మ వంకర అక్షరాలతో "నేనే ఎకాలి" అని రాసింది. ఒత్తు లేదు, నేనూ అడగలేదు.

అదీ ఆ మూడోది, లోపలి సంగతి. ఆరు గళ్ళ కాగితంతో రెండు రోజులు గుంజినా రానిది, రెండు మాటల కార్డులతో అరగంటలో వాళ్ళంతట వాళ్ళే అడిగి మరీ తెచ్చుకున్నారు. కథలో ఏ ముక్కకి కారణాల దారాలు ఎక్కువ కట్టి ఉంటాయో ఆ ముక్కే మనుషులకి ఎక్కువ గుర్తుంటుందని టామ్ ట్రబాసో, పాల్ వాన్ డెన్ బ్రూక్ అనే పరిశోధకులు 1985లో చూపించారు. కార్డులతో మేం చేసింది ఆ దారాలు కట్టడమే అనుకుంటా.

ఒక పిడకల వేట. తెలుగులో ఇంకో తప్పించుకునే దారి ఉంది, గబగబ దాన్ని కనిపెట్టేశాడు. అప్పుడేమో అనకూడదని తెలిసిపోయింది కదా, "నత్త లేచి గోడ ఎక్కి జారిపడి మళ్ళీ లేచి ఉడతని చూసి వద్దని మళ్ళీ ఎక్కి సూర్యుణ్ణి చూసి కూర్చుంది" అని ఒకే ఊపిరిలో, ఒకే ఒక్క సమాపక క్రియతో కథంతా లాగించేశాడు. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి లేదు, ముచ్చటేసింది కూడా. కానీ ఆ "ఎక్కి, జారి, చూసి" అన్నీ ఒక తాడు మీద ఆరేసిన బట్టల్లా ఉంటాయి, ఏది దేనివల్ల జరిగిందో దాచేస్తాయి.

4వ వారం: బట్టీ బాబు

అందరూ మెరుగవుతుంటే వీడొక్కడు మొదటి రోజు ఎలా ఉన్నాడో అలానే ఉన్నాడు, అంటే పర్ఫెక్ట్‌గా. నత్త కథ కూడా నేను రాసిన వాక్యాలతోనే అప్పజెప్పాడు. ఆరో పేజీ దగ్గర చిన్నది దగ్గింది. వీడు ఆగిపోయాడు. ఎక్కడున్నాడో దొరకలా. "మొదట్నుంచి చెప్తా అక్కా" అన్నాడు.

పద్యం మధ్యలో ఆపితే మనం కూడా మళ్ళీ మొదటికెళ్తాం కదా, అదన్నమాట. వాడి దగ్గర ఉన్నది కథ కాదు, చప్పుళ్ళ వరస. "నత్త వద్దన్నాక ఉడత ఏమనుకుని ఉంటుంది, ఉడతలా చెప్పు" అన్నా. పుస్తకంలో లేని ప్రశ్న. చాలాసేపు పైకప్పు చూశాడు. తర్వాత మెల్లగా, "నేను మంచిగా అడిగా కదా, ఎందుకు వద్దంటోంది, నా వీపు బాలేదా?" అన్నాడు. వాడి నోట్లోంచి సొంత వాక్యం వినడం నాకదే మొదటిసారి. ఆ రోజు మిగతా కథంతా ఉడత చెప్పింది. తడబడ్డాడు, రెండు పేజీలు ఎగరగొట్టాడు, నా ఆరు గళ్ళ కాగితంలో టిక్కులు తగ్గాయి. ఆ తగ్గడం నాకు సంతోషం.

5వ వారం

ఈ వారం ఏం లేదు. ముగ్గురే వచ్చారు, నాకు గొంతు బాలేదు.

మౌని గురించి మాత్రం రాయాలి. నాలుగు వారాలైంది, రికార్డింగ్ ఆన్ చేస్తే ఊపిరి తప్ప ఏం వినబడదు. ఫోన్ దాచా, బొమ్మలిచ్చా, పక్కన కూర్చున్నా, దూరంగా కూర్చున్నా. కార్డులు మాత్రం వరసగా పేరుస్తుంది, అందుకనిలూ కానీలూ అందరికంటే సరిగ్గా పెడుతుంది. కథ లోపల ఉందని తెలుసు. నేను ఒత్తిడి చేయట్లేదు, చేస్తే ఇంకా ముడుచుకుంటుంది.

6వ వారం: తెలియని చెవి

అనుకోకుండా జరిగింది. పోయిన వారం ముగ్గురే వచ్చారు కదా, వాళ్ళతో కొత్త కథ చదివించా, నేను రాసిందే. ఒక బాబు రోజూ ఆడుకోవడానికి బయటికి పోతుంటే వాడి కుక్కపిల్లకి ఇంట్లో తోచక, వాడు వెళ్ళకూడదని ఒక బూటు దాచేస్తుంది. వాడు వెతికి వెతికి ఏడుస్తాడు, అది చూసి కుక్కపిల్ల బూటు తెచ్చి ఇచ్చేస్తుంది. ఆ మర్నాటి నుంచి దాన్ని కూడా తీసుకెళ్తాడు. ఈ వారం మిగతా నలుగురూ వచ్చారు, వాళ్ళు చదవలేదు. నాకు ఇంకా గొంతు బాలేదు, మళ్ళీ చదివించే ఓపిక లేక "మీరే వాళ్ళకి చెప్పండి" అనేశా.

ఆ ముగ్గురిలో మౌని ఒకతి.

చిన్నది మౌని పక్కకి చేరి "బూటు ఎవరు తీశారు? చెప్పు, చెప్పు" అని చెయ్యి గుంజుతోంది. మౌని నా వైపు చూసింది, నేను అటు తిరిగి పుస్తకాలు సర్దుతున్నట్టు నటించా. వెనకనుంచి చిన్న గొంతు వినబడింది. నాలుగు నిమిషాలు చెప్పింది. నేను రాసిన దానికంటే పొడుగ్గా చెప్పింది. ఆ రోజు రికార్డింగ్ పెట్టలేదు, పెట్టనందుకు నాకేం బాధ లేదు.

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్ళూ పిల్లలు కథ ఎవరికి చెప్తున్నారు? నాకు. పుస్తకం ఇచ్చింది నేను, నత్త కథ రాసింది నేను, బొమ్మలు గీసింది నేను. నాకు తెలుసని వాళ్ళకి తెలుసు. తెలిసిన మనిషికి మళ్ళీ చెప్పడం అంటే అది కథ కాదు, పరీక్ష. "అది దాన్ని పట్టుకుంది" అంటే ఏ అదో అక్కకి తెలుసు కదా, ఇంకెందుకు చెప్పడం? వాళ్ళు చేసింది తప్పు కూడా కాదు, నిజం చెప్పాలంటే చాలా సహజం. ఇంట్లో మనకి తెలిసిన విషయం ఎవరైనా మొదట్నుంచి వివరంగా చెప్తే మనకే చిరాకొస్తుంది.

రెండో రోజే పద్ధతి మార్చేశా. సగంమంది ఒక కథ చదువుతారు, సగంమంది ఇంకో కథ. తర్వాత జంటలు. చదివినవాళ్ళు చెప్పాలి, విన్నవాళ్ళు బొమ్మ గీయాలి, చివర్లో పుస్తకం తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నేను ఎక్కడా లేను. బేసి సంఖ్య కాబట్టి ఒక గుంపులో ముగ్గురు, అది కొంచెం గందరగోళం.

కుక్కపిల్ల కథ జట్టులో ఉన్న చిన్నదానికి నత్త కథ తెలీదు (బొమ్మలతో ఆడుకుంటూ వినలేదు ఆ రోజు). గబగబ చెప్పాడు. చిన్నది బొమ్మ గీసింది. నత్తని చెట్టు మీద గీసింది. గబగబకి కోపం వచ్చింది.

"చెట్టు కాదే, గోడ!"

"నువ్వు గోడ అన్లేదు, ఎక్కింది అన్నావ్."

వాడు నా వైపు చూశాడు తీర్పు కోసం. నేను భుజాలెగరేశా. వాడు కాసేపు ఆ బొమ్మ వైపే చూసి, "సరే, మళ్ళీ విను. ఒక గోడ ఉంది, పే...ద్ద గోడ" అని మొదలెట్టాడు. ఆరు వారాలుగా "ఎక్కడ, ఎవరు, ముందు అది చెప్పాలి నాన్నా" అని నేను లోలోపల మొత్తుకున్నదాన్ని ఒక తప్పు బొమ్మ ఒక్క నిమిషంలో నేర్పించింది.

ఈ పద్ధతికి తిప్పలు లేవని కాదు. విన్నవాళ్ళకి గీయడం మీదే ధ్యాస, ఆవులింత గోడకి ఇటుకలన్నీ ఒక్కొక్కటే గీస్తూ కూర్చున్నాడు, కథ అయిపోయినా వాడి గోడ అవలేదు. అందుకని ఇప్పుడు పెన్సిల్ ఒకటే, రంగుల్లేవు, మూడు బొమ్మలే గీయాలి.

7వ వారం: నటుడి విమానం

నటుడు కుక్కపిల్ల కథ చెప్తూ బూటుని విమానంలో దాచేశాడు. తర్వాత కుక్కపిల్ల విమానం నడిపింది. వినేవాళ్ళు ఊగిపోయారు. పుస్తకం తెరిస్తే మంచం కింద దాచింది. ప్రశ్నలమ్మ "అబద్ధం చెప్పాడు అక్కా" అని ఫిర్యాదు.

నాకు వెంటనే ఏమనాలో తోచలా. మళ్ళీ చెప్పడం అంటే ఉన్నది ఉన్నట్టు తీసి ఇవ్వడం అని మనం అనుకుంటాం కానీ పెద్దవాళ్ళు కూడా అలా చేయరు. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో అచ్చువేసిన ప్రయోగాల్లో, ఉత్తర అమెరికా మూలవాసుల జానపద కథ ఒకటి ఇంగ్లండ్‌లో చదివించి, కొన్నాళ్ళ గ్యాప్‌లతో మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చెప్పేకొద్దీ కథ పొట్టిదైంది, వాళ్ళకి కొత్తగా అనిపించినవి పోయి అలవాటైనవి వచ్చి కూర్చున్నాయి, కథలోని దోనె కాస్తా మామూలు పడవ అయిపోయింది, సీల్ జంతువుల వేట చేపలు పట్టడం అయిపోయింది. అబద్ధం చెప్పాలని కాదు, గుర్తు తెచ్చుకోవడమే మళ్ళీ కట్టుకోవడం కాబట్టి.

కానీ నటుడిది అది కాదు. వాడికి మంచం సంగతి తెలుసు, అడిగితే చెప్పాడు. విమానం బాగుంటుందని పెట్టాడు. అందుకని రెండు వంతులు చేశా, ముందు "పుస్తకంలో కథ", తర్వాత "నా కథ". నా కథ వంతులో నక్షత్రాల మీద దాచినా అడగను, పుస్తకంలో కథ వంతులో మాత్రం మంచం కిందే. వాడికి ఇది బాగా నచ్చింది. రెండోదానికి తొందరగా వెళ్ళాలని మొదటిదాన్ని చకచకా, ఏం వదలకుండా ముగిస్తున్నాడు. ఐదేళ్ళ చిన్నది మాత్రం ఈ రెండిటినీ ఇంకా కలిపేస్తూనే ఉంది, దాన్ని వదిలేశా, టైం ఉంది.

8వ వారం

మొదటి రోజులాగే మళ్ళీ చేశా, కాకపోతే కొత్త కథ, వినేది నేను కాదు. పక్కింటి ఆరేళ్ళ పాపని అడిగి తెచ్చుకున్నా, ఆ పాపకి మా పుస్తకాలేవీ తెలీవు. కాకి, తాబేలు ఉన్న కథ, అంటే మళ్ళీ రెండూ "అది"లే. బొమ్మల్లేవు, కార్డుల్లేవు.

రాత్రి కూర్చుని పాత రికార్డింగులు పక్కన పెట్టుకుని విన్నా. గబగబకి రెండే అప్పుడేమోలు, కాకి తాబేలు పేర్లతోనే నడిచాయి, ఒక్కచోట జారి "అది" అని వెంటనే "కాకి, కాకి" అని దిద్దుకున్నాడు. బట్టీ బాబు పుస్తకం వాక్యాలు సగం వాడాడు, సగం సొంతం. ఆవులింత మొదలు బ్రహ్మాండంగా చెప్పి, చివరికొచ్చేసరికి నీరసపడి "అలా అయిపోయింది" అన్నాడు. వాడి సంగతి ఏ వారంలోనూ నాకు పట్టుబడలేదు, నిద్ర సరిపోతోందో లేదో ముందు వాళ్ళమ్మని అడగాలి. చిన్నది మూడు ముక్కలు చెప్పింది, మూడూ వరసలోనే ఉన్నాయి.

లోపలి సంగతులు? కార్డులున్నప్పుడు వచ్చినంతగా రాలేదు. ఏడుగురిలో ముగ్గురే తాబేలు ఎందుకు దిగులుపడిందో వాళ్ళంతట వాళ్ళు చెప్పారు. మిగతావాళ్ళు పక్కింటి పాప అడిగితే చెప్పారు. ఆ పాప ఎందుకు అని అడిగినట్టు నేను ఎప్పుడూ అడగలేకపోయా, ఎందుకంటే ఆ పాపకి నిజంగానే తెలీదు. ఒకచోట ప్రశ్నలమ్మనే అడిగింది, "తాబేలు కాకి మాట ఎందుకు నమ్మింది?" అని. ప్రశ్నలమ్మకి జవాబు దొరకలా, మొదటిసారి. ఆగు అని చెప్పి లేచెళ్ళి పుస్తకం తెచ్చుకుంది, నాలుగో పేజీ తెరిచి వేలు పెట్టుకుని మళ్ళీ చదివింది, లోపలే, పెదాలు కదుపుతూ. తర్వాత పుస్తకం మూసి "ముందురోజు నీళ్ళ దారి కరెక్టుగా చూపించింది, అందుకని" అంది.

మౌని పెద్దగా చెప్పింది, రికార్డింగ్ ఆన్‌లోనే. ఫోన్ ఉందని తెలుసు.

వచ్చే నెలకి చేయాల్సినవి: పక్కింటి పాపకి ఇప్పుడు అన్నీ తెలిసిపోయాయి కాబట్టి ఇంకో తెలియని చెవిని వెతకాలి. కొత్త కథ రాయాలి, ఈసారి మూడు జంతువులతో. ఉడత బొమ్మ మళ్ళీ గీయాలి, ఈసారి ఎవరూ పిల్లి అనకుండా.